సులహ్ ఇంటికి చందా ఎవరిస్తారు?



తెలుగులోని కచేరీ మాటలు చాలావరకు ఫార్సీ, ఉర్దూల నుంచి వచ్చినవే. ఫిర్యాదు, దావా, వకీలు, జామీను, దస్తావేజు. ఉర్దూ మీడియంలో చదివి డిగ్రీలో తెలుగు తీసుకున్న నాకు, తెలుగు పుస్తకాల్లో ఇవి కనబడితే పాత చుట్టాలు ఎదురొచ్చినట్టు ఉండేది. ఒక్క మాట దగ్గర మాత్రం ఆగిపోయేవాణ్ణి. అది రాజీ. ఉర్దూలో రాజీ అంటే మనసారా ఒప్పుకోవడం. నికాహ్ ముందు అమ్మాయిని రాజీనా అని అడిగేది అందుకే. తెలుగులో ‘రాజీ పడ్డాడు’ అంటే ఎక్కడో ఓడిపోయి తల వంచాడని ధ్వని.

మన మొహల్లా పంచాయితీల్లో ఎక్కువగా జరిగేది ఆ తెలుగు రాజీ. జరగాల్సింది ఉర్దూ రాజీ. దాని కోసం వందేళ్లకు పైగా పనిచేస్తున్న ఒక ఇదారా గురించి ఈసారి రాస్తున్నాను. అది బిహార్‌లో ఉంది, పేరు ఇమారత్-ఎ-షరియా. దాని చరిత్రతో పాటు దాని ఖర్చు సంగతి కూడా చెప్తాను. సులహ్ చేసేవాళ్లు చాలామంది దొరుకుతారు. ఆ పనిని తరతరాలుగా నిలబెట్టడానికి పైసలు ఎక్కడినుంచి వస్తాయన్నదే అసలు మస్లా.

ముందు కొంచెం వెనక్కి వెళ్దాం. 1772లో వారెన్ హేస్టింగ్స్ కంపెనీ కోర్టులు పెట్టినప్పుడు, ముసల్మానుల నికాహ్, విరాసత్ మస్లాలకు షరియత్ చెప్పడానికి ఖాజీలనీ మౌల్వీలనీ కూర్చోబెట్టాడు. 1864లో ఒక చట్టంతో ఆ కొలువు ఎత్తేశారు. ఇక జడ్జీలే ఫైసలా చెప్పసాగారు. మరి నికాహ్ చదివించేదెవరన్న గోల మొదలైంది. దాంతో 1880లో ఖాజీల చట్టం తెచ్చారు. సర్కారు ఖాజీని నియమించవచ్చు గానీ, ఆయనకు న్యాయం తీర్చే అధికారం ఏదీ రాదని అందులోనే రాశారు. మన దగ్గర సియాహా రాసే ఖాజీ సాబ్ ఆ చట్టం కిందివాడే. ఆయన నికాహ్ నమోదు చేయగలడు, మొగుడు వదిలేసిన ఆడపిల్లకు ఇన్సాఫ్ చేయలేడు.

ఆ ఖాళీని చూసి బాధపడ్డ వారిలో బిహార్ ఆలిమ్ మౌలానా అబుల్ మహాసిన్ ముహమ్మద్ సజ్జాద్ ఒకరు. ఖిలాఫత్, సహాయ నిరాకరణ ఉద్యమాలు ఊపు మీదున్న రోజులవి. 1921 జూన్‌లో పట్నాలోని పత్థర్ కీ మస్జిద్‌లో ఉలమా సమావేశమయ్యారు. మౌలానా అబుల్ కలాం ఆజాద్ సదారత్ వహించారు. ఫుల్వారీ షరీఫ్ ఖాన్‌ఖాహ్ ముజీబియాకి చెందిన షా బద్రుద్దీన్ ఖాద్రీని మొదటి అమీర్-ఎ-షరీయత్‌గా ఎన్నుకున్నారు. సజ్జాద్ సాబ్ నాయబ్ అమీర్ అయ్యారు. సర్కారు చేతిలో లేని పనిని ఖౌమ్ తన సొంత చేతుల్లోకి తీసుకోవడం అది. పోలీసు లేదు, జైలు లేదు, జప్తు లేదు. ఉన్నదల్లా జనం నమ్మకం.

ఇమారత్ కింద ఉన్న దారుల్ ఖజా పని తీరు చూస్తే మన పంచాయితీకీ దానికీ తేడా ఇట్టే తెలుస్తుంది. వచ్చినవాళ్లు ముందు దర్ఖాస్తు రాసి ఇవ్వాలి. అది రిజిస్టర్‌లోకి ఎక్కుతుంది. ఎదుటి పక్షానికి నోటీసు వెళ్తుంది. ఇద్దరి బయాన్ రాసుకుంటారు, గవాహీలు వింటారు. సులహ్ కుదురుతుందేమోనని ముందు ప్రయత్నిస్తారు. సూరా నిసా 35వ ఆయత్‌లో ఉన్న దారి అదే. మొగుడి తరఫు నుంచి ఒకరు, భార్య తరఫు నుంచి ఒకరు కూర్చుని మాట్లాడాలి. కుదరకపోతేనే ఖాజీ ఫైసలా రాస్తారు. అది నచ్చనివాళ్లు అమీర్ దగ్గర అపీలు చేసుకోవచ్చు. 2002లో ఇంతికాల్ అయిన మౌలానా ముజాహిదుల్ ఇస్లాం ఖాస్మీ దశాబ్దాల పాటు అక్కడ ఖాజీగా ఉండి, ఈ పద్ధతికి ఒక గట్టి రూపం ఇచ్చారు.

దర్ఖాస్తులు పట్టుకుని వచ్చేవాళ్లలో ఆడవాళ్లే ఎక్కువ. కారణం దాచాల్సిందేమీ కాదు. మొగుడు తలాక్ చెప్పి వెళ్లిపోగలడు. ఖర్చులివ్వకుండా, తలాక్ కూడా ఇవ్వకుండా వేలాడదీసిన ఇల్లాలికి ఒక తలుపు కావాలి. 1939 చట్టం ఆ తలుపు తెరిచింది. మొగుడు నాలుగేళ్లు జాడ లేకపోయినా, రెండేళ్లు నఫఖా ఇవ్వకపోయినా కోర్టు ద్వారా నికాహ్ రద్దు చేయించుకోవచ్చు. అయితే ఇలాంటి కేసు ముస్లిం జడ్జే వినాలన్న షరతును బిల్లు నుంచి తీసేశారని ఉలమా నారాజ్ అయ్యారు. అందువల్ల చట్టం వచ్చాక కూడా దారుల్ ఖజాకు పని తగ్గలేదు.

ఇక పైసల సంగతి. ఇమారత్‌కి బైతుల్ మాల్ ఉంది. అందులోకి జకాత్, ఉష్ర్, ఫిత్రా, ఖుర్బానీ చర్మాల సొమ్ము, అతియాలు వస్తాయి. వింటే చాలానే ఉన్నట్టుంటుంది. కానీ ఇక్కడే ఒక ముడి ఉంది. సూరా తౌబా 60వ ఆయత్ జకాత్‌కి ఎనిమిది మసారిఫ్ నిర్ణయించింది. హనఫీ ఫిఖహ్‌లో ఆ సొమ్మును హక్‌దారు చేతికిచ్చి సొంతం చేయాలి, దాన్నే తమ్లీక్ అంటారు. ఖాజీ జీతానికి, ఆఫీసు కరెంటు బిల్లుకి, నోటీసుల పోస్టేజీకి దాన్ని వాడకూడదు. చర్మం అమ్మిన డబ్బూ గరీబులదే. పైగా చర్మాలను అడిగే నాథుడే లేని రోజులివి.

అంటే సులహ్ పని నడవాల్సింది ఎవరి మీదా ఫర్జ్ కాని సొమ్ముతో. ఇష్టంగా ఇచ్చే అతియాతో. జకాత్ ఇవ్వకపోతే గునాహ్ అని భయపడే మనిషి, పక్క మొహల్లా మొగుడూ పెళ్లాల తగాదా తీర్చడానికి వంద రూపాయలు ఎందుకిస్తాడు? ఈ సవాలును ఇమారత్ రెండు రకాలుగా ఎదుర్కొందని నాకు అనిపిస్తుంది. మొదటిది నఖీబ్‌ల ఏర్పాటు. ఊరికొక నఖీబ్ ఉంటే ఇదారా పట్నా దగ్గరి ఆఫీసుగా మిగిలిపోదు, ఊళ్లో తెలిసిన మొహం అవుతుంది. వాళ్ల వారపత్రిక పేరు కూడా నఖీబే. రెండోది, సులహ్‌ని ఒంటరిగా వదిలేయలేదు. పక్కనే ఆసుపత్రి, టెక్నికల్ చదువులు, ఆపదలో సాయం నడిపారు. మందు ఇచ్చిన చేతిని, పిల్లాడికి పని నేర్పిన చేతిని జనం గుర్తుపెట్టుకుంటారు. తగాదా వచ్చినా అక్కడికే వెళ్తారు, చందా అడిగినా కాదనరు.

దీనివల్ల ఒక పెద్ద మేలు జరిగింది. ఖాజీకి జీతం ఇదారా ఇస్తుంది కాబట్టి ఆయన కడుపు ఏ పక్షం జేబు మీదా ఆధారపడదు. రిపోర్టర్‌గా జిల్లాల్లో నేను చూసింది దీనికి పూర్తిగా ఉల్టా. పెద్దమనుషులు ముందే ఇరువైపులా డిపాజిట్ పెట్టించుకుంటారు. అది తిరిగి చేతికొస్తుందో లేదో అల్లాహ్‌కే ఎరుక. పంచాయితీ రోజు చాయ్, బిర్యానీ ఎవరు పెట్టించారో చూస్తే ఫైసలా ఎటు మొగ్గుతుందో సగం తెలిసిపోయేది. ఆడపిల్ల లోపలి గదిలో పర్దా వెనక కూర్చునేది. ఆమె మాట ఆమె మామూ చెప్పేవాడు. కాగితం మీద ఒక్క అక్షరం ఉండేది కాదు.

ఇమారత్ కథకీ మన హైదరాబాద్‌కీ సంబంధం ఉంది. 1973 ఏప్రిల్‌లో ఆల్ ఇండియా ముస్లిం పర్సనల్ లా బోర్డు ఏర్పడింది మన హైదరాబాద్‌లోనే. దాని మొదటి జనరల్ సెక్రటరీ మౌలానా మిన్నతుల్లా రహ్మానీ. అప్పటికి ఆయన ఇమారత్‌కి నాలుగో అమీర్. 2023లో బోర్డు సదర్ అయిన మౌలానా ఖాలిద్ సైఫుల్లా రహ్మానీ హైదరాబాద్‌లో ఉండే ఆలిమ్, ఖాజీ ముజాహిదుల్ ఇస్లాం సాబ్ బంధువు. దారుల్ ఖజాలను ఊరూరా పెట్టాలన్న బోర్డు ఆలోచన వెనక ఫుల్వారీ షరీఫ్ అనుభవం ఉంది.

హద్దులు కూడా చెప్పుకోవాలి. తలాక్‌కి ముందు ఇరువైపుల మధ్యవర్తులతో సులహ్ ప్రయత్నం జరగాలని సుప్రీంకోర్టు 2002లో షమీమ్ ఆరా కేసులో చెప్పింది. 2014లో విశ్వలోచన్ మదన్ కేసులో ఇంకో మాట చెప్పింది. దారుల్ ఖజా నడపడం నేరం కాదు, కానీ దాని ఫైసలాకు చట్టబలం లేదు, ఎవరి మీదా రుద్దకూడదు. 2025 జూన్‌లో తెలంగాణ హైకోర్టు ఖులా ఆడమనిషి హక్ అనీ, మొగుడు కాదన్నంత మాత్రాన ఆగదనీ తేల్చింది. ముఫ్తీ కాగితం సలహా మాత్రమేనంది. కొందరు ఈ తీర్పుల్ని మన మీద దాడిగా చూశారు. నాకు అలా అనిపించదు. 1921లో ఆ బుజుర్గులు మొదలుపెట్టింది కూడా బలం లేని పనే. ఒప్పుకుంటేనే చెల్లుతుంది అన్నది సులహ్‌కి లోటు కాదు, దాని స్వభావమే అది. దెబ్బలు, కట్నం వేధింపులు మాత్రం సులహ్ మస్లాలు కావు. అవి పోలీస్ స్టేషన్‌కి, కోర్టుకి వెళ్లాల్సినవి. వెళ్లకుండా అడ్డుపడే పెద్దమనిషి సులహ్ చేయడం లేదు, జుల్మ్‌కి కాపలా కాస్తున్నాడు.

2023లో పార్లమెంటు చేసిన మీడియేషన్ చట్టంలో కూడా ఇరుగుపొరుగు, కుటుంబాల తగాదాల కోసం ముగ్గురు మధ్యవర్తుల ప్యానెల్ గురించి ఒక అధ్యాయం ఉంది. ఆ ఒప్పందం కోర్టు డిక్రీలా అమలు కాదని అందులోనూ రాశారు. చట్టంలోని సెక్షన్లన్నీ ఒకేసారి అమల్లోకి రాలేదు గానీ, సర్కారు ఆలోచన కూడా ఇటే నడుస్తోందని తెలుస్తుంది.

మన ఊళ్లలో ఇమారత్ అంత పెద్ద ఇదారా రేపే రాదు. ఒక మస్జిద్ స్థాయిలో చేయగలిగింది మాత్రం ఉంది. ఒక రిజిస్టర్. ముగ్గురు మనుషులు, వాళ్లలో కనీసం ఒక చదువుకున్న ఖాతూన్. ఒక వకీలు సలహా. జకాత్‌తో కలవని ఒక వేరే పద్దు. ఇంటికి నెలకు ఇరవై రూపాయలు వేసుకున్నా, రెండు వందల ఇళ్ల మొహల్లాలో నెలకు నాలుగు వేలు. కాగితాలకు, పోస్టేజీకి, రానుపోను ఖర్చులకు అది చాలు. ఇరుపక్షాల దగ్గర ఒక్క పైసా ముట్టాల్సిన అవసరం ఉండదు.

ఈ రమజాన్‌లో జకాత్ లెక్క వేసేటప్పుడు, దాని పక్కన ఇంకో చిన్న మొత్తం రాసి చూడండి. మస్జిద్ కమిటీ వాళ్లు చందాకి వస్తే రెండే సవాళ్లు అడగండి. పోయిన ఏడాది ఎన్ని తగాదాలు విన్నారు, ఆ రిజిస్టర్ ఎక్కడుంది? ఆ రోజు చాయ్ ఖర్చు ఎవరు పెట్టుకున్నారు?