బాయి సైరనూ, ఇంటి సుఖమూ

మన సాఫ్ట్‌వేర్ వాళ్ళు నలుగురు ఒకచోట కలిస్తే, ఓ గంట గడిచాక మాట తప్పకుండా ఒక దగ్గరికే వస్తుంది. "చిన్నప్పుడు ఏమీ లేకపోయినా ఎంత హాయిగా ఉండేవాళ్ళం!" అని. రెండు గదుల ఇల్లు, వాకిట్లో మంచం, పక్కింటి నుంచి గిన్నెలో వచ్చిన కూర.. ఇప్పుడు మూడు బెడ్‌రూముల ఫ్లాటుంది కానీ ఆ సుఖం లేదంటారు. కారణం కూడా వాళ్ళే చెప్పేస్తారు. అప్పటి మనుషులు మంచివాళ్ళట, వాళ్ళకి ఆశలు తక్కువట.

నేను పుట్టి పెరిగింది గోదావరిఖనిలో. మా బాపు సింగరేణి కార్మికుడు. ఆ హాయి నేనూ చూశాను, కాదనను. కానీ ఆశలు తక్కువన్న మాట మాత్రం ఒప్పుకోలేను. పిల్లల్ని ఇంజనీర్లని చెయ్యాలన్న ఆశ ఆ క్వార్టర్లలో లేకపోయుంటే నాలాంటి వాళ్ళు ఈ ఉద్యోగాల్లో ఉండేవాళ్ళే కాదు. నా మటుకు నాకు తోచేదేంటంటే, ఆ ఇళ్ళలోని తృప్తికి ఒక చరిత్ర ఉంది. అందులో మంచి మనసులకి ఎంత భాగముందో, పని గంటలకీ అంతే భాగముంది.

కాస్త వెనక్కి వెళ్దాం. జియలాజికల్ సర్వే ఆఫ్ ఇండియాకి చెందిన డాక్టర్ విలియం కింగ్ ఇల్లందు దగ్గర బొగ్గు కనిపెట్టింది 1871లో. 1886లో ఇంగ్లండులో హైదరాబాద్ (దక్కన్) కంపెనీ పెట్టారు, 1889లో బొగ్గు తియ్యడం మొదలైంది. 1920 డిసెంబరు 23న సింగరేణి కాలరీస్ కంపెనీ అన్న పేరుతో నమోదైంది. 1945లో నిజాం ప్రభుత్వం మెజారిటీ వాటాలు కొన్నది. ఈ తేదీలు సింగరేణి పిల్లలందరికీ స్కూల్లో కంఠతా వచ్చినవే. ఏటా డిసెంబరు 23న సింగరేణి డే చేసేవాళ్ళు కదా మరి!

ఎవరూ కంఠతా పట్టించని సంవత్సరం ఇంకోటుంది. 1952. స్వతంత్ర భారతదేశపు గనుల చట్టం వచ్చిన ఏడాది. భూమి లోపల పనిచేసే మనిషి రోజుకి ఎనిమిది గంటలు, వారానికి 48 గంటలు మించి పనిచెయ్యకూడదని, వారంలో ఆరు రోజులకి మించి పనికి పిలవకూడదని అందులో రాశారు. ఎక్కువ పని చేయిస్తే రెట్టింపు జీతం. ఏడాదికి 190 మస్టర్లు నిండిన అండర్‌గ్రౌండ్ కార్మికుడికి జీతంతో సెలవులు. తర్వాత బొగ్గు కార్మికులకి దేశమంతటా ఒకే వేతన ఒప్పందం వచ్చింది. అందులో మొదటిది 1975 జనవరి 1 నుంచి అమలైంది. ఇవేవీ ఎవరో దయతలచి ఇచ్చినవి కావు. వెనక ఎన్ని సమ్మెలున్నాయో లెక్క తియ్యాలంటే అదో పుస్తకం అవుతుంది.

ఇంతకీ మా ఊరు. గోదావరి ఒడ్డున బాయిలు తవ్వడం మొదలైంది 1960ల మొదట్లో. (బాయి అంటే మా దగ్గర బొగ్గు గని. "డ్యూటీకి పోయిండు" అనేకంటే "బాయికి పోయిండు" అనే మాటే ఎక్కువ.) చుట్టుపక్కల పల్లెల నుంచి, వేరే జిల్లాల నుంచి, ఎక్కడెక్కడి నుంచో జనం వచ్చారు. తట్టా చెమ్మసూ పట్టుకుని బొగ్గు నింపడం వాళ్ళ పని. ఫైవింక్లైన్, ఎయిటింక్లైన్ కాలనీ, పవర్‌హౌస్ కాలనీ.. బాయి నంబర్లే కాలనీ పేర్లయ్యాయి. 1975లో కంపెనీ మొట్టమొదటి ఓపెన్‌కాస్ట్ కూడా రామగుండంలోనే వచ్చింది. ఆ తర్వాత ఎన్టీపీసీ, ఎరువుల ఫ్యాక్టరీ.

ఈ ఊరికి తాతలనాటి వాడకట్టు లేదు, కులదేవత గుడి లేదు, పక్కింటివాడు చుట్టం కాదు. మరి మనుషులు మర్యాదలు ఎక్కడి నుంచి తెచ్చుకున్నారు? కొన్ని పల్లె నుంచి మోసుకొచ్చారు. కొన్ని షిఫ్టులే నేర్పాయి.

పొద్దున ఏడు, మధ్యాహ్నం మూడు, రాత్రి పదకొండు. మా ఊళ్ళో గడియారం లేని ఇంట్లో కూడా ఈ మూడూ తెలుసు, సైరన్ మోగేది కాబట్టి. ఒక లైన్లో పది క్వార్టర్లుంటే, ఏ పూట చూసినా అందులో ముగ్గురు నలుగురు మగవాళ్ళు పడుకునే ఉంటారు. అందుకని పగటి పూట లైన్లో గట్టిగా మాట్లాడకూడదు. మేం గోలీలాడుతూ అరిస్తే ఏ ఇంటి అవ్వో బయటికొచ్చి "నైట్ షిఫ్ట్ చేసొచ్చి పండుకున్నడు బిడ్డా, లొల్లి చెయ్యకుర్రి, అటు పోయి ఆడుకోర్రి" అనేది. ఆమె తన కొడుకు గురించే అనక్కర్లేదు, పక్కింటాయన గురించి కూడా అనేది. ఎదుటివాడి నిద్రని మన బాధ్యత అనుకోవడం ఎంత పెద్ద మర్యాదో, మా అపార్ట్‌మెంట్లో పై ఫ్లోర్‌లో డ్రిల్లింగ్ మొదలైనప్పుడల్లా నాకు తెలిసొస్తుంది.

ఇంకోటి. బాయికి పోయే మనిషిని వెనక నుంచి పిలవరు. అన్నం డబ్బా మర్చిపోతే పిల్లల్ని ముందుకు ఉరికించి ఇప్పిస్తారు. ఆయన కూడా "పోతున్న" అనడు, "పోయొస్త" అంటాడు. తెలుగువాళ్ళందరూ అనే మాటే, కానీ అక్కడ దాని బరువు వేరు. 2003 జూన్ 16న జీడీకే-7 ఎల్‌ఈపీ గనిలోకి నీళ్ళు ముంచుకొచ్చి 17 మంది చనిపోయారు. "పోయొస్త" అన్న మాట మీద ఇల్లంతా ఎనిమిది గంటలు ఆధారపడి బతికే చోట, మనిషి తిరిగి రావడమే ఆ పూటకి పండగ.

అందుకే ఆ సుఖాలు చిన్నవిగా ఉండేవి, కానీ తేలిగ్గా తీసుకునేవి కావు. మూడింటికి షిఫ్ట్ దిగి వచ్చిన బాపుకి కాగు నిండా వేడినీళ్ళు. స్నానం చేసొచ్చాక కళ్ళ చుట్టూ కాటుకలాగా బొగ్గు గీత మిగిలేది. స్టీలు గ్లాసులో చాయ్. ఆ తర్వాత ఇంటి వెనక చిక్కుడు పందిరి దగ్గర ఓ గంట. స్నానాల నీళ్ళన్నీ దానికే పోయేవి. సాయంత్రం వేపచెట్టు కింద నులక మంచం, రేడియో. అమ్మ సర్వపిండి చేస్తే రెండు ముక్కలు పక్కింటి చిన్నమ్మకి. ఆమె గిన్నె ఖాళీగా తిరిగివ్వదు, ఏమీ లేకపోతే గుప్పెడు కరివేపాకన్నా వేసి ఇచ్చేది. వరసలన్నీ కల్పించుకున్నవే. అక్క, బావ, పెద్దమ్మ.. ఏ ఊరివాళ్ళో, ఏ కులమో తెలియకుండానే ఇరవై ఏళ్ళు వరసలు పెట్టి పిలుచుకున్నారు. 1987లో రామాయణం సీరియల్ మొదలయ్యాక టీవీ ఉన్న ఇంటి ముందు చెప్పులు చూడాలి మీరు!

ఇక్కడో పక్క చెప్పి ఇంకో పక్క దాచడం న్యాయం కాదు. సైరన్ మగవాళ్ళకే మోగేది. బాపు ఫస్ట్ షిఫ్ట్ అయితే అమ్మ నాలుగున్నరకే లేచి బొగ్గుల పొయ్యి వాకిట్లో పెట్టి, పొగ పోయేదాకా కాచుకుని, లోపలికి తెచ్చి వండేది. సెకండ్ షిఫ్ట్ అయితే అర్ధరాత్రి దాకా మేలుకునేది. మూడు షిఫ్టులకీ ఆమెదే డ్యూటీ, ప్లేడే లేదు, మస్టర్ లేదు. గని లోపల ఉద్యోగం చేద్దామన్నా, 1952 చట్టమే ఆడవాళ్ళకి అండర్‌గ్రౌండ్ వద్దంది. ఆ సడలింపు వచ్చింది 2019లో. ఇక జీతం రోజు సారా దుకాణాల సంగతి బొగ్గు బెల్టులో పెరిగిన ఎవర్ని అడిగినా చెప్తారు. 1993లో సారా నిషేధం వచ్చేదాకా ఎన్నో ఇళ్ళలో నులక మంచం కథ వేరేగా ఉండేది. కాబట్టి స్వర్ణయుగం అనే మాట నేను వాడను. నాకు గుర్తున్న హాయిలో సగం మా అమ్మ నిద్ర.

అయినా సరే, నా వాదన నిలబడుతుందనే అనుకుంటాను. ఇది మా ఊరి సంగతి ఒక్కటే కాదు. ఇంగ్లండులో డర్హం బొగ్గు గని కార్మికులు లీక్ మొక్కలు పెంచడంలో, పావురాల పందాల్లో, బ్రాస్ బ్యాండుల్లో ప్రసిద్ధులు. అక్కడ గని పనికి రోజుకి ఎనిమిది గంటల పరిమితి చట్టం వచ్చింది 1908లో, 1919లో దాన్ని ఏడు చేశారు. 1920 చట్టంతో టన్ను బొగ్గుకి ఒక పెన్నీ చొప్పున తీసి కార్మికుల సంక్షేమ నిధి పెట్టారు. పెరట్లో మొక్కకి నీళ్ళు పోసే మనిషికి ముందు సాయంత్రం అనేది ఒకటి ఉండాలి కదా!

ఇప్పుడు మా ఊరు ఎలా ఉంది? 1990ల మొదట్లో సింగరేణిలో దాదాపు 1,16,000 మంది పనిచేసేవారు, బొగ్గు ఏడాదికి దాదాపు 1.8 కోట్ల టన్నులు. 2023-24లో బొగ్గు 7 కోట్ల టన్నులు, పర్మినెంట్ కార్మికులు 40,000 చిల్లర. బొగ్గులో ఎక్కువ భాగం ఓపెన్‌కాస్టులదే. మట్టి తీసే పని నుంచి ఎన్నో పనులు కాంట్రాక్ట్ కార్మికుల చేతుల్లోకి వెళ్ళాయి. కంపెనీ క్వార్టరు, పర్మినెంట్ వాళ్ళ జీతం అందని ఆ మనిషికి, మా బాపు షిఫ్ట్ దిగి వచ్చి కూర్చున్న వేపచెట్టు నీడ ఎక్కడ దొరుకుతుంది? అతని పిల్లలకి ముప్పై ఏళ్ళ తర్వాత చెప్పుకోవడానికి ఏం మిగులుతుంది? చిన్నప్పటి సుఖాల గురించి నిట్టూర్చే మనం ఈ ప్రశ్న కూడా అడగాలి.

మన సంగతీ అంతే. మా బాపు పని బాయిలోనే ఉండిపోయేది, క్యాప్ ల్యాంప్ ల్యాంప్ రూంలో ఇచ్చేసి వచ్చేవాడు. మన ల్యాంప్ మన జేబులోనే ఉంది, రాత్రి పదకొండుకి కూడా వెలుగుతుంది. 2023లో ఇన్ఫోసిస్ నారాయణమూర్తి గారు యువత వారానికి 70 గంటలు పనిచెయ్యాలన్నప్పుడు నాకు వెంటనే గుర్తొచ్చింది ఆ 48. భూమి లోపలి మనిషికి 1952లోనే గీసిన గీత అది. ఫ్రాన్సులో 2017 జనవరి నుంచి పెద్ద కంపెనీలు పని వేళల తర్వాత మెసేజీలకి దూరంగా ఉండే హక్కు గురించి ఉద్యోగులతో చర్చించాలని చట్టం ఉంది. ఇక్కడ మనం ఆ మాట అడగడానికే మొహమాటపడతాం. పైగా వీకెండ్‌కి రిసార్ట్ బుక్ చేసుకుని, అక్కడ నులక మంచం మీద కూర్చుని ఫోటో దిగుతాం!

మంచం కొనుక్కోవచ్చు, మట్టికుండ కొనుక్కోవచ్చు, సర్వపిండి ఆర్డర్ పెట్టొచ్చు. పక్కింటికి గిన్నె పంపడానికి, ఎదుటివాడి నిద్ర కోసం గొంతు తగ్గించడానికి, చిక్కుడు తీగకి పందిరి వెయ్యడానికి కావలసింది వేరే. రోజూ ఒకే టైముకి పని అయిపోవడం, ఆ టైముకి ఇంట్లో పని ఆడవాళ్ళకీ అయిపోవడం. మొదటిది మా బాపు తరం కొట్లాడి తెచ్చుకుంది. రెండోది వాళ్ళు వదిలేశారు. మనం మొదటిది పోగొట్టుకుంటూ రెండోది సాధించామా అంటే అదీ లేదు. ముందు దేనితో మొదలుపెడదామంటారు?