అపరిచితుడికి జెకిల్ ఎంత దగ్గర?

తడ (2022 వరకు నెల్లూరు జిల్లా, ఇప్పుడు తిరుపతి జిల్లా) తమిళనాడు సరిహద్దు ఊరు. అక్కడ ఒకే సినిమాకు రెండు పేర్లు వినిపించడం సహజం: ఆరంబాక్కం వైపు ‘అన్నియన్’, ఇటు ‘అపరిచితుడు’. 2005లో వచ్చిన ఈ శంకర్ చిత్రాన్ని స్టీవెన్‌సన్ సృష్టించిన జెకిల్, హైడ్‌ల కథకు వారసురాలిగా చెప్పుకోవడం కద్దు. ఆ మాట ఎంతవరకు నిలుస్తుందో తేల్చాలంటే ముందు మూలాన్ని పరిశీలించాలి.

1. నవలిక 1886 జనవరిలో వెలువడింది. పుట్టుక గురించిన కథనాలు ఏకీభవించవు. కొన్ని ఘట్టాలు కలలో కనిపించాయని 1888 నాటి వ్యాసంలో రచయితే చెప్పాడు. అయితే పగలు పెద్దమనిషిగా, రాత్రి దొంగగా బతికి 1788లో ఎడిన్‌బరోలో ఉరికంబమెక్కిన విలియం బ్రోడీ మీద అతను అంతకుముందే మిత్రుడు హెన్లీతో కలిసి నాటకం రాశాడు. కనుక కల ఒక్కటే మూలమనడం కష్టం. తొలి ప్రతి సంగతీ అంతే. భార్య ఫానీ విమర్శించాక రచయితే దాన్ని నిప్పుల్లో వేశాడని సవతి కొడుకు లాయిడ్ ఆస్‌బర్న్ జ్ఞాపకం. 2000లో వెలుగుచూసిన ఫానీ లేఖలో మాత్రం తానే తగలబెడతానని ఉంది. లేఖ ఆనాటిది, జ్ఞాపకం తర్వాతిది. కాబట్టి లేఖకే ఎక్కువ విలువ ఇవ్వాలి. కానీ అందులోనూ ఉన్నది ఉద్దేశమే, జరిగిన పని కాదు.

2. నవలికలో ఇద్దరూ ఒకరేనన్న రహస్యం దాదాపు చివరిదాకా దాగి ఉంటుంది. 1887లో బోస్టన్‌లో, ఈ కథతో సలివన్ రాసిన నాటకం ఆ పద్ధతిని తలకిందులు చేసింది. నటుడు రిచర్డ్ మాన్స్‌ఫీల్డ్ ప్రేక్షకుల ఎదుటే మారిపోయాడు. జెకిల్‌కు కాబోయే భార్యను చేర్చిందీ ఆ నాటకమే. తర్వాతి సినిమాలు, ఫ్రెడ్రిక్ మార్చ్‌కు ఆస్కార్ తెచ్చిన 1931 చిత్రంతో సహా, చాలావరకు ఈ దారిలోనే నడిచాయి. జనం ఎరిగిన జెకిల్ పుస్తకంలో కంటే రంగస్థలం మీద ఎక్కువగా రూపుదిద్దుకున్నాడని చెప్పవచ్చు.

3. దక్షిణాదిలో రెండు వ్యక్తిత్వాల కథలన్నిటినీ జెకిల్ ఖాతాలో వేయలేం. ‘రాముడు భీముడు’ (1964)లో ఉన్నది ఇద్దరు మనుషులు. ‘చంద్రముఖి’ (2005) మలయాళ ‘మణిచిత్రతాళు’ (1993) నుంచి వచ్చింది. దాని వెనుక కేరళలోని ఒక తరవాడు (ఉమ్మడి కుటుంబపు పెద్ద ఇల్లు)లో జరిగిన విషాదం ఉందంటారు. ఆ విషాదం కాలం విషయంలోనూ కథనాలు కలవవు.

4. ‘అపరిచితుడు’లో తేడాలే బలంగా ఉన్నాయి. జెకిల్ తెలిసి, కోరి మందు తాగుతాడు. హైడ్ చేసేది తన సుఖం కోసం. ఈ సినిమా కథానాయకుడు రామానుజానికి తనలోని రెండోవాడి ఊసే తెలియదు. చిన్నతనంలో, నిర్లక్ష్యం వల్ల కరెంటు షాక్‌కు చెల్లెలు చనిపోవడమే అందుకు మూలంగా సినిమా చూపుతుంది. ఆ రెండోవాడు తప్పుచేసినవారిని గరుడ పురాణంలోని శిక్షలతో దండిస్తాడు. మర్యాద చాటున దాగిన కోరిక అక్కడ, చట్టానికి లొంగిన మనిషిలో దాగిన ఆగ్రహం ఇక్కడ. కథ దిశే వేరు.

పోలిక ఎక్కడైనా నిలుస్తుందంటే పోలీసు విచారణ ఘట్టంలో. ఆ పాత్ర వేసిన విక్రమ్ ఒకే చోట, క్షణాల తేడాతో, చూపుతో, గొంతుతో ఇద్దరిగా మారతాడు. తెలుగువారు ఈ సినిమాలో ఎక్కువగా తలుచుకునే ఘట్టాల్లో ఇదొకటి కావడం న్యాయమే. అది స్టీవెన్‌సన్ కంటే మాన్స్‌ఫీల్డ్‌కే దగ్గర. అయినా ఇది పోలిక మాత్రమే. నేరుగా అప్పు తెచ్చుకున్నారనడానికి సాక్ష్యం కాదు.