ఒక్క పొయ్యికి ఎన్ని గిన్నెలు?

ఆదిబట్లల నౌకరి దొరికింది, తుర్కయంజాల్ దిక్కు నువ్వొక్కదానివే ఉండేటట్టు ఫ్లాటు కిరాయికి తీసుకున్నవు, బాగనే ఉంది బిడ్డా. కని ఆ ఫోన్ల సూపెట్టిన గిన్నెల సెట్టు సూస్తే నాకు నవ్వాగలేదు. ముప్పై రెండు గిన్నెలట, అది గూడ కిస్తుల మీద! అప్పు జేసి పప్పుకూడు అని విన్న గని, అప్పు జేసి పప్పు గిన్నె కొనుడు నీ కాడనే సూస్తున్న. పొద్దుగాల ఇంత చాయ, రాత్రికింత అన్నం. దీనికి పెండ్లి వంటోని సామాను ఎందుకు? కూసో. చాయ మసలనియ్యి. ఆ ఫోను జర పక్కకు పెట్టు.

నేను కందుకూరుకు కాపురానికొచ్చిన నాడు మా అత్త వంటింట్ల ఎక్కువ మట్టి సామానే. అన్నానికి అటికె, కూరకు కంచుడు, పాలకు ఒకటి, చల్లకు ఒకటి. పాల కుండల పులుసు కాచినవా, ఇగ ఇల్లు పీకి పందిరేసేది. కుండకు పైసలిచ్చుడు లేదు. కుండల ఎన్ని జొన్నలు పడితే అన్ని జొన్నలు కుమ్మరాయనకు పోసి, కుండ తెచ్చుకునుడే. మా అత్త జొన్నలు మిగుల్తయని ఎప్పుడు చిన్న కుండనే తెచ్చేది. సుట్టాలొచ్చిన నాడు పెద్ద కుండ కోసం పక్కింటికి ఉరికేది. వాళ్లు కుండ ఇచ్చేముందు ఆమెను ఎన్ని మాటలనేటోళ్లో!

తెచ్చే ముందు కుండను చెవి కాడ పెట్టుకొని ఏలుతోని కొట్టేది. ఖంగుమంటే మంచిది, మొద్దుగ పలికితే ఏడనో పగులున్నట్టు. కొత్త కుండను తెచ్చిన నాడే మంట మీద పెట్టొద్దు. నీళ్లల్ల నానబెట్టాలె, గంజి పోసి సన్నటి మంట మీద కాగనియ్యాలె, అప్పుడు గంజి మన్ను సందులల్ల నిండి కారుడు తగ్గుతది. ఇన్ని తిప్పలు పడి వాడుకానికి తెచ్చిన కుండను నేనొకనాడు బాయి కాడ రాయికి తగిలిచ్చిన. కుమ్మరికి ఏడాది, గుదియకు ఒక పెట్టు అని మా అత్త ఆ నెలంత అనుకుంటనే ఉండె.

ఇత్తడి మా అమ్మగారింటి నుంచి వచ్చింది. బిందె, సర్వ, గంగాళం. అవి మా అమ్మ హాలీ సిక్కల కాలంల కొన్నవి. నిజాం రూపాయలు ఏడిస్తే ఇండియా రూపాయలు ఆరొచ్చేవి, 1959 దాంక ఆ సిక్కలు నడిచినయి. షావుకారు ఒక సిక్కల ధర చెప్తే, కొంగుల ఉన్నది ఇంకో సిక్క. ఆడోళ్లు ఏళ్ల మీద లెక్కవెట్టుకుంట నిలబడేలోపల ఆయన తూకం కానిచ్చి సంచిల ఏసేది. లెక్క జర అలవాటయ్యేసరికి, 1962 వచ్చేసరికి, సేర్లు పోయి కిలోలే నడవాలన్నరు. ఇప్పుడు సూడు, మీర్‌ఖాన్‌పేట కాడ 2024ల స్కిల్స్ యూనివర్సిటీకి పునాది రాయి పడ్డది, మన దిక్కు ఎకరాలల్ల చెప్పుకునే భూమిని గజాలల్ల చెప్పవట్టిరి. ఆ ముచ్చటల పడితే తెల్లారుతది గని, ఇత్తడి కాడికొద్దాం.

ఇత్తడిల పులుసు కాచాల్నంటే లోపల కళాయి ఉండాలె. లేకుంటే చింతపండు పులుపుకు చిలుము పట్టి కడుపుల తిప్పుతది. ఎండకాలంల కళాయాయన వచ్చేది. చెట్టు కింద చిన్న గుంత తవ్వి, బొగ్గులు పోసి, తోలుతిత్తితోని ఊదుకుంట రాజేసేది. గిన్నెను పట్టుకారుతోని పట్టి మంట మీద తిప్పి తిప్పి కాల్చేది. బాగ కాగినంక నవసాగరం పొడి ఇంత చల్లితే గుప్పున తెల్లటి పొగ లేసి, ముక్కు పుటాలు అదిరేటివి. ఆ పొగలనే తగరం కడ్డీ తాకిచ్చేది. తగరం వేడికి వెన్నలెక్క కరిగి జారుతుంటే, చేతిల దూది ముద్దతోని ఒక్క సుట్టు తిప్పి లోపలంత పూసేది. నల్లటి గిన్నె తెల్లగ తళతళలాడేది. నీళ్లల్ల ముంచితే సుయ్యిమనేది. బడి ఎగ్గొట్టిన పోరగాండ్లందరు ఆయన సుట్టే. మా అత్త ఏటేట అదే బేరం చేసేది, ఆయన ఏటేట "తగరం పిరమైందమ్మా" అనేది. ఇద్దరికీ ఆఖరి ధర ముందే తెలుసు, అయినా పొద్దు గూకేదాంక వదిలేటోళ్లు కాదు.

తర్వాత స్టీలొచ్చింది. తోముడు సుకం, కళాయి అక్కర లేదు. ఊరు ఊరంత ఎగబడ్డది. పాత చీరలిచ్చి డబ్బాలు తీసుకునుడు, తాతల నాటి ఇత్తడి బిందెలిచ్చి ఊదితే ఎగిరేటి స్టీలు గిన్నెలు తెచ్చుకునుడు. తెచ్చి, మీద పేరు కొట్టిచ్చుకునుడు! గిన్నెకు సొట్ట పడ్డా పేరు మాత్రం పోదు. మా వాడల ఒకామె కొత్త గిన్నెలన్ని సజ్జ మీద దొంతర్లు పెట్టి, ఇంటికెవరన్న వస్తే మాటిమాటికి ఆ దిక్కే సూసేది, మనం గూడ సూడాల్నని. వండుడు మాత్రం పాత సిల్వర్ గంజులనే. పేరు గొప్ప, ఊరు దిబ్బ. ఇప్పుడు ఆమె మనుమరాలు ఆన్‌లైన్ల ఇత్తడి గిన్నెలు కొంటున్నదట. ధర చెప్పింది గని, నేను రెండోసారి అడగలేదు.

నీ సంగతి చెప్తా విను. నీది ఇండక్షన్ పొయ్యి అన్నవు. అయితే దుకాణానికి పోయేటప్పుడు సంచిల ఒక అయస్కాంతం ఏసుకో. మా రోజులల్ల స్టీలుకు అయస్కాంతం అంటుకుంటే "ఇది మంచి స్టీలు గాదు" అని పక్కకు పెట్టేటోళ్లు. ఇప్పుడది తిరగబడ్డది. అడుగుకు అయస్కాంతం అంటకుంటే నీ పొయ్యి మీద ఆ గిన్నె ఏడెక్కనే ఎక్కదు. ఉత్త ఇత్తడి, రాగి, సిల్వర్ ఏది పెట్టినా దండుగే. బేగంబజార్ల దుకాణపాయన నాకు మూడు పొరల గంజు సూపెట్టిండు. లోపల నూటికి 18 పాళ్లు క్రోమియం, 8 పాళ్లు నికెల్ కలిసిన స్టీలు, నడుమ వేడి పరిచేందుకు అల్యూమినియం, కింద అయస్కాంతం అంటుకునే స్టీలు. బరువుగుంటది, పిరముంటది, కని అడుగంటుడు తక్కువ. పైసలు పెడితే దాని మీదనే పెట్టు.

కుక్కరు రెండు లీటర్లది చాలు. ఐఎస్ఐ ముద్ర సూసి తీసుకో. మూడొంతులల్ల రెండొంతులకు మించి నింపకు, పప్పయితే సగమే. మా ఇంట్ల మొదటి కుక్కరు కూసిన నాడు మీ తాత గడప దాటి, మూడో కూత దాంక వాకిట్లనే నిలబడె. అన్నం తిన్నంక మాత్రం "నేను భయపడ్డదెప్పుడు?" అన్నడు.

నాన్‌స్టిక్ పెనం ఒకటుంటే ఉండనియ్యి, గుడ్డు అట్టుకు. దాన్ని ఖాళీగ పొయ్యి మీద పెట్టి ఫోన్ల ముచ్చట్లల్ల పడకు. 260 డిగ్రీలు దాటితే ఆ పూత చెడుతది. జొన్నరొట్టెకు ఇనుప పెంకనే కావాలె. నాదిద్దామంటే దాని అడుగు గుండ్రం, నీ అద్దం పొయ్యి మీద నిలవది. బల్లపరుపుది కొనుక్కో, కడిగినంక తడి లేకుంట తుడిసి ఇంత నూనె రాయి.

ఒక గంజు, ఒక కుక్కరు, చాయ గిన్నె, పెనం, పెంక, రెండు తలెలు, గంటెలు. ఇంకేమన్న తక్కువ పడితే అప్పుడు కొనుక్కుందువు. దోస్తులొచ్చిన నాడు ఇస్తారాకులు తెచ్చుకో, తోముడు గూడ తప్పుతది.

వచ్చే వారం ఇద్దరం కలిసి బేగంబజార్ పోదాం. నిజాం అలీఖాన్ బేగం వర్తకులకిచ్చిన జాగ అంటరు దాన్ని, ఇప్పటికీ గల్లీ గల్లీకి గిన్నెలే. ప్రతి గంజు నీళ్లతోని నిండినట్టు అనుకొని, ఒక చేత్తోని ఎత్తి సూడు. మూత తిప్పి సూడు, అటిటు ఊగితే వద్దు. ధర మాత్రం నేనడుగుత. నువ్వు పక్కన నిలబడి ఆ గిన్నె నచ్చినట్టు మొకం పెట్టకు, ఆయన నీ మొకం సూసి నూరు రూపాలు ఎక్కువ చెప్తడు.