కాలువ గట్టున దొరికిన జ్ఞానం

మా షాబాదులో ఒక ఆదివారం ప్రార్థన ముగిసిన తరువాత, చెట్టు నీడన కూర్చున్న ఒక పెద్దాయనను అడిగాను: "జ్ఞానం కావాలంటే ఏం చెయ్యాలె తాతా?" జీవితమంతా కూలి పని చేసి బ్రతికిన మనిషి ఆయన. "మోకాళ్ళ మీద ఉండి అడుగు బిడ్డా, లేచి పనిల వెతుకు" అన్నాడు. ఇంటికి వచ్చి యాకోబు పత్రిక తెరిచాను. జ్ఞానం కొరవడినవాడు దేవుణ్ణి అడగాలని చెప్పిన ఆ పత్రికే, క్రియలు లేని విశ్వాసం మృతమని కూడా చెబుతున్నది. తాత ఆ రెండింటినీ ఒక్క వాక్యంలో కలిపేశాడు.

ఆ మాటకు చరిత్రలో సాక్ష్యం ఎక్కడ ఉన్నదని ఆలోచిస్తే నా మనస్సు చేవెళ్ళ దాటి, కృష్ణ దాటి, ఒంగోలు దాకా పోయింది.

1854 జనవరి ఒకటవ తేదీ తెల్లవారుజామున, నెల్లూరు బాప్టిస్టు మిషనుకు చెందిన లైమన్ జ్యూయెట్ దంపతులు కొద్దిమంది తెలుగు క్రైస్తవులతో ఒంగోలు కొండ ఎక్కి, ఆ ప్రాంతానికి ఒక బోధకుణ్ణి పంపమని ప్రార్థించారు. ఆ బోధకుడు జాన్ క్లౌ ఒంగోలు చేరేసరికి 1866. నడుమ పన్నెండేళ్ళు గడిచాయి. అడగడం ఒక ఉదయం పని. ఎదురుచూడడం పన్నెండేళ్ళ పని.

ఒంగోలులో మొదట కొందరు బ్రాహ్మణులు క్లౌ మాటలు ఆసక్తితో విన్నారు. ఇంతలో తోళ్ళ పని చేసే మాదిగలు రాసాగారు. వారిలో మొదటివాడు యెర్రగుంట్ల పేరయ్య. అంతకుముందే రాజయోగం అభ్యసించిన అన్వేషి అతడు. తోళ్ళ వ్యాపారం కోసం ఉత్తరాదికి వెళ్ళినప్పుడు ఏలూరులో క్రీస్తు బోధ విన్నాడు. అంటే వర్తకం చేసే దారిలోనే అతడికి సత్యాన్వేషణ కూడా సాగింది. వీరిని చేర్చుకుంటే తాము రామని అగ్రవర్ణాలవారు చెప్పారు. క్లౌ సందిగ్ధంలో పడ్డాడు. ఒక గదిలో ఆయన, మరొక గదిలో ఆయన భార్య హారియట్, ఒకరికి తెలియకుండా ఒకరు క్రొత్త నిబంధన తెరిస్తే ఇద్దరికీ కొరింథీయులకు వ్రాసిన మొదటి పత్రికలో ఒకే చోటు కనిపించిందని క్లౌ స్వయంగా వ్రాసుకున్నాడు. లోకరీతిగా జ్ఞానులైనవారు పిలువబడినవారిలో ఎక్కువమంది లేరని, జ్ఞానులను సిగ్గుపరచడానికి దేవుడు వెర్రివారిని ఏర్పరచుకున్నాడని పౌలు చెప్పిన చోటు అది. ఆయన మాదిగలను వదలుకోలేదు.

ఆ నిర్ణయానికి అసలు పరీక్ష 1876-78 నాటి మహాక్షామంలో వచ్చింది. ప్రభుత్వం కరువు పనులు పెట్టినా, పై కులాల మేస్త్రీల చేతిలో అవమానపడి చాలామంది మాదిగలు వెనుకాడారు. క్లౌ పాదిరి కాకమునుపు అమెరికాలో సర్వేయరు. ఆ పాత విద్య ఇప్పుడు అక్కరకు వచ్చింది. బకింగ్‌హాం కాలువలో సుమారు మూడు మైళ్ళ తవ్వకం గుత్తకు తీసుకున్నాడు. తన బోధకులనే మేస్త్రీలుగా నిలబెట్టాడు. చెప్పులు కుట్టిన చేతులు పార పట్టడం నేర్చుకున్నాయి. వాక్యం చెప్పే నోళ్ళు కూలి లెక్కలు చెప్పడం నేర్చుకున్నాయి. పని నడుమ విశ్రాంతి వేళ బోధకులు కూలీల మధ్య కూర్చుని, ప్రయాసపడి భారం మోసేవారిని యేసు తన దగ్గరకు పిలిచిన మాటను చెప్పేవారు. మట్టితట్ట నెత్తిన మోసేవాడికి ఆ మాటకు వ్యాఖ్యానం అక్కరలేదు గదా!

"కూటి కోసం కలిసినవారు" అన్న నింద అప్పుడూ ఉన్నది, ఇప్పుడూ ఉన్నది. దాన్ని కొట్టిపారేయడం న్యాయం కాదు. ఆకలిగొన్నవాడి మనస్సులో ఏమున్నదో ఎవరు తూచగలరు? క్లౌకు ఆ భయం ఉన్నది. అందుకే కరువు కాలంలో ఏడాదికి పైగా ఎవరికీ బాప్తిస్మం ఇవ్వలేదు. సహాయ ధనం అయిపోయింది, ఇక ఇచ్చేదేమీ లేదని చెప్పిన తరువాత కూడా జనం వచ్చారు. 1878 జూలైలో గుండ్లకమ్మ ఒడ్డున, వెల్లంపల్లిలో మూడు రోజులలో 614, 2,222, 700 మంది బాప్తిస్మం పొందారు. మూడవ తేదీ నాటి 2,222 అన్న సంఖ్యనే అందరూ తలుస్తారు. నాకు మాత్రం అంతకుముందు ఎవరికీ బాప్తిస్మం ఇవ్వని ఆ ఏడాదే గొప్పదిగా తోస్తుంది. ఇవ్వగలిగి ఉండీ ఆగడం, ఆకలిని విశ్వాసమని పొరబడకపోవడం - వివేకమంటే అదే.

తెలంగాణలోనూ ఇటువంటి సాక్ష్యం రాతిలో నిలిచి ఉన్నది. ఛార్లెస్ వాకర్ పాస్నెట్ కరువు కూలీలకు పని చూపుతూ కట్టించిన మెదకు చర్చి 1924 డిసెంబరు 25న ప్రతిష్ఠింపబడింది. చూడవచ్చినవారు శిఖరం వైపు తలెత్తుతారు. ఆ రాళ్ళు మోసినవారి పేర్లు ఎవరికి తెలుసు?

తాత మాట వెంట బయలుదేరి ఇంత దూరం వచ్చాను. ప్రార్థన కొండ మీద జరిగింది, జవాబు కాలువలో దొరికింది. నడుమ ఉన్నది చెమట. నా బోటివాడు చదివి తెలుసుకున్నదాన్ని ఆ తాత బ్రతికి తెలుసుకున్నాడు. మీ ఊళ్ళ పెద్దల దగ్గర ఇటువంటి సంగతులు ఉంటే అడిగి వ్రాసిపెట్టండి. వారు వెళ్ళిపోయాక మనకు సంఖ్యలే మిగులుతాయి.