పేరు లేని కథకుని రాక్షసలోకము

నేటి బాలురు తెరమీద చదివి నవ్వుకొను బొమ్మలకథలలో ‘ది ఆర్డర్ ఆఫ్ ది స్టిక్’ అనునది యొకటి. దీనిని రిచ్ బర్లూ అను అమెరికా చిత్రకారుడు 2003లో అంతర్జాలమున ఆరంభించెను. ఆరుగురు సాహసికులు, గీతలే కాళ్లు, గీతలే చేతులు. వీరి లోకమునకు మూలము ‘డంజన్స్ అండ్ డ్రాగన్స్’ అను ఆట. 1974లో గారీ గైగాక్స్, డేవ్ ఆర్నెసన్ అనువారు దానిని వెలువరించిరి. ఒకడు కథ నడుపును. తక్కినవారు వీరుడుగానో, మాంత్రికుడుగానో పాత్రలు ధరింతురు. దెబ్బ తగిలినదో లేదో పాచికలు తేల్చును. మన భారతకథలో పాచికలు రాజ్యము పోగొట్టినవి. అక్కడ అవి రాజ్యములను పుట్టించుచున్నవి. బర్లూ పాత్రలకు తాము ఆట నియమములకు లోబడినవారమని తెలియును. హాస్యమంతయు అందుండియే పుట్టును.

ఇట్టి లోకము తెలుగువారికి క్రొత్తదేమియు కాదు. 1951లో విజయావారి ‘పాతాళభైరవి’ వచ్చినప్పుడు నేపాళ మాంత్రికుని చూచి భయపడిన జనమే అతని శిష్యుడు సదాజపుని చూచి కడుపుబ్బ నవ్విరి. ఆ చిత్రమును నిర్మించిన నాగిరెడ్డి, చక్రపాణిగార్లే అంతకు నాలుగేండ్ల ముందు, 1947 జూలైలో, మద్రాసు నుండి ‘చందమామ’ను వెలువరించిరి. అందు 1954లో ఆరంభమైన ‘తోకచుక్క’ మొదలుకొని దశాబ్దముల తరబడి జానపద ధారావాహికలు నడచెను. ‘యక్షపర్వతము’ను చదివినవారు ఖడ్గవర్మను, జీవదత్తుని మరచియుండరు. ఒకని చేత కత్తి, వేరొకని చేత మంత్రదండము. అమెరికావారి ఆటలోని వీరుడును, మాంత్రికుడును వీరే గదా! ఒకరినుండి ఒకరు గ్రహించిరనుట కాదు. కత్తితో గెలువరానిచోట మంత్రము కావలెననుట ఏ దేశపు కథకునకైనను తోచును.

ఈ ధారావాహికలను వ్రాసినవారు దాసరి సుబ్రహ్మణ్యముగారు. ఆయన 1952లో చందమామ కార్యాలయమున చేరి అర్ధశతాబ్దికి పైగా అచ్చటనే పనిచేసిరి. కథలకు బొమ్మలు వేసిన ‘చిత్రా’గారి సంతకము బొమ్మ మూలలో కనబడుచుండెడిది. కథకుని పేరు మాత్రము ఆ ధారావాహికల క్రింద అచ్చుకాలేదు. నెలనెల అంగడి తెరువకముందే పత్రికకై కాచుకొన్న పిల్లలకు రాక్షసుల పేర్లన్నియు కంఠస్థము. వారిని సృష్టించినవాని పేరు తెలియదు. పత్రికకు అదొక పద్ధతి కావచ్చును, అయినను నా దృష్టిలో అది న్యాయము కాదు. 2010లో ఆయన గతించునాటికి ఆ పిల్లలలో పలువురు తాతలైరి.

బర్లూ సంగతి చూడుడు. అమ్ముడైపోయిన తన సంపుటములను మరల ముద్రించుటకై 2012లో ఆయన 57,750 డాలర్లు అర్థించెను. 14,952 మంది కూడి 12 లక్షల 54 వేల డాలర్లకు పైగా సమకూర్చిరి. ఎవరికిచ్చుచున్నారో వారికి తెలియును.

చందమామ గుజరాతీలోను వెలువడినది. కావున సూరత్‌లో మన ప్రక్కయింటి గుజరాతీ పెద్దలలో ఆ పత్రికతో పెరిగినవారుందురు. వారికి ఆ కథకుడు తెలుగువాడని చెప్పవలసినవారము మనమే. పాత సంపుటము మీ యింట నున్నచో మొదటి పుటమీద పెన్సిలుతోనైనను ఆయన పేరు వ్రాసియుంచుడు.