గొలుసు విచారణ

ధర్మపురి సీమలో మహేంద్రమంగళము వంటి యూరి తెలుగు కుటుంబముల చరిత్ర వ్రాయబూనువారికి పేర్ల పట్టిక దొరకదు. జనాభా లెక్కలు మాతృభాషల సంఖ్యలను చెప్పును గాని గడపలను చూపవు. కావున ఒక యింటి పెద్ద నడిగి, ఆయన చెప్పిన మరి యిద్దరి యొద్దకు పోవలెను. సంఖ్యాశాస్త్రజ్ఞులు దీనిని మంచుబంతి ప్రతిచయనమనిరి. 1961లో లియో గుడ్‌మన్ దీని గణితమును ప్రకటించెను. మంచెరుగని మన సీమకు గొలుసు విచారణ యను పేరే మేలు.

పేరు క్రొత్తది, పని ప్రాతది. మెకంజీ కొలువున కావలి వెంకట బొర్రయ్యయు, 1803లో ఆయన గతించిన పిమ్మట తమ్ముడు లక్ష్మయ్యయు, ఎరిగినవారి నాశ్రయించియే కైఫియత్తులు కూర్చిరి. అందు కరణముల మాట మెండు, పాలేరుల మాట అరుదు. గొలుసునకు గల దోషమిదియే: ప్రతివాడును తనవంటివానినే చూపును. గుడ్‌మన్ లెక్కయు మొదటివారిని చీటి వేసి యెన్నుకొన్నప్పుడే నిలుచును. ఇట్లు నూరిండ్లు దొరికినంతనే ఊరిలో తెలుగిండ్లు నూరే యనరాదు.

అందుచేత విచారణను గుడి యొద్దనే కాక సంతలో, పొలములో, కూలివాడలో వేర్వేరుగా ఆరంభింపవలెను. ఇంట తెలుగాడి బడిలో అరవము చదివినవారు వృద్ధులైనకొలది ఈ కొక్కెములు ఊడిపోవుచున్నవి. కోడండ్ర పుట్టినిండ్లను మరువక అడిగినచో గొలుసు కులము దాటకున్నను ఊరు దాటును.