కంప్యూటరు మీట కథ

పాఠశాల విడువగానే మెయిన్ స్విచ్చి ఆపి గదికి తాళము వేయుట జనగామలోనైనను, మహబూబాబాదులోనైనను సులభమైన పనియే. దీపము, పంకా అంతటితో ఆగును. కంప్యూటరును మాత్రము అట్లు ఆపరాదని విద్యార్థులకు చెప్పుదుము. కారణమేమి?

ఇందుకు భూపాలపల్లి చెంతనే ఒక దృష్టాంతము కలదు. చెల్పూరులోని కాకతీయ థర్మల్ విద్యుత్ కేంద్రమున 500, 600 మెగావాట్ల యూనిట్లు రెండున్నవి. ఇట్టి కేంద్రములలో ఆవిరిని ఆపినంతనే టర్బైను పని ముగియదు. వేడిగానున్న ఇరుసును కదలనీయక విడిచినచో పైభాగము, క్రిందిభాగము సమముగా చల్లారక అది వంగును. కావున చల్లారువరకు దానిని మెల్లగా త్రిప్పుచుందురు. ఆపుటకును ఒక క్రమము కలదన్నమాట.

తొలినాటి కంప్యూటర్లలో పెక్కింటికి ఈ చిక్కు తక్కువ. వాని జ్ఞాపకశక్తి సన్నని ఫెర్రైటు వలయములలో అయస్కాంత రూపమున నిలిచెడిది. విద్యుత్తు పోయినను చెరగకుండెను. హైదరాబాదులో 1967లో ఏర్పడిన ఎలక్ట్రానిక్స్ కార్పొరేషన్ 1969లో టి.డి.సి.-12 కంప్యూటరును నిర్మించిన కాలమది. 1970 తరువాత వలయముల స్థానమును అర్ధవాహక చిప్పులు ఆక్రమించెను. ఇవి చౌక, వేగవంతములు. కాని వీనిలో చాలవరకు విద్యుత్తు ఆగగానే సమస్తమును మరచును.

1981లో వెలువడిన ఐ.బి.ఎం. పర్సనల్ కంప్యూటరునకు ప్రక్కన పెద్ద ఎర్ర మీట యుండెను. అది విద్యుత్తును నేరుగా త్రెంచెడిది. పిమ్మట వేగము కొరకు, వ్రాయవలసిన సమాచారమును కొంతసేపు చిప్పులలో నుంచి, తరువాత డిస్కునకు చేర్చు పద్ధతి వ్యాపించెను. ఆ నడుమ మీట నొక్కినచో సగము వ్రాసిన ఫైలే మిగులును. అందుచే విండోస్ 95 కాలమున, ఇక ఆపవచ్చునను సూచన తెరపై కనబడినపిదపనే పలువురు మీట నొక్కెడివారు.

1995లో ఇంటెల్ సంస్థ ప్రకటించిన ఎ.టి.ఎక్స్. నమూనా ఈ స్థితిని మార్చెను. ఇందలి బొత్తాము విద్యుత్తును త్రెంచదు. ఆపుమని సంకేతమును మాత్రమే పంపును. 1996లో ఇంటెల్, మైక్రోసాఫ్ట్, తోషిబా సంస్థలు ప్రకటించిన ఎ.సి.పి.ఐ. నియమములచే ఆపరేటింగు సిస్టము ఫైళ్లను భద్రపరచి, పిదప తానే విద్యుత్ సరఫరాను ఆపించుకొనును.

అయితే ఆజ్ఞను వినవలసిన సాఫ్టువేరే స్తంభించినచో? బొత్తామును నాలుగైదు సెకండ్లు నొక్కిపట్టిన, ఆపరేటింగు సిస్టముతో నిమిత్తము లేకయే యంత్రము ఆగును. భద్రపరచని పని పోవచ్చును గాన ఇది కడపటి ఉపాయము.

మరియొక జాగ్రత్త. ఇట్లు ఆగిన డెస్క్‌టాప్ కంప్యూటరులో, ప్లగ్గు ఉన్నంతవరకు, 5 వోల్టుల విద్యుత్తు బోర్డునకు అందుచునే యుండును. విద్యుత్ సరఫరా పెట్టెలో అంతకంటె హెచ్చు వోల్టేజి యుండును. తెర చీకటియైనంత మాత్రాన పెట్టె విప్పరాదు. ముందు సాఫ్టువేరుతో ఆపవలెను. పిమ్మట గోడమీది స్విచ్చి ఆపి, ప్లగ్గు తీయవలెను. మొదటిది ఫైళ్లను కాచును. రెండవది ప్రాణమును కాచును. ఒకటి రెండవదానికి బదులు కానేరదని విద్యార్థులు గ్రహింపవలెను.